ఓడిపోవడానికి కూర్చున్న మేజరు

ఇలా దగ్గరికి జరగండి, ఆ కిటికీ దగ్గర గాలి తర్వాత పీల్చుకోవచ్చు. మా తమ్ముడు ఓడిపోదామని కూర్చుని, అది కూడా చేతకాక అభాసుపాలైన సంగతి చెబుతాను. వాడు మేజరే, కాదనను. గుమ్మంలోకి వస్తే సిపాయిలు కాళ్ళు నేలకేసి కొట్టి మరీ నిలబడతారు. కానీ ఈ కథ నాకు చెప్పినవాడూ వాడే, చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వినవాడూ వాడే. కాబట్టి మీరు మొహమాటపడి నవ్వు ఆపుకోవక్కర్లేదు.

సైనిక స్థావరం చివర, బూట్లు నిలవచేసే గోదాము వెనకాల రెండు గదుల్లో వాడు ఒక బడి నడుపుతుండేవాడు. ఒక నల్లబల్ల, నాలుగు బెంచీలు, ఒక ఫ్యాను. ఫ్యాను తిరిగితే మాట వినబడదు, ఆపితే మనిషి నిలవలేడు. ఎప్పుడు చూసినా కొత్త తోలు వాసన. రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే యుద్ధం గురించి చెప్పే బళ్ళు వేరే ఉన్నాయట. వీడు చెప్పేది చాటు యుద్ధం. అందులో శత్రువు యూనిఫాం వేసుకోడు. బజారులో కూరగాయలు బేరమాడుతుంటాడు, బస్సులో మన పక్కనే కూర్చుని కునుకు తీస్తుంటాడు. తుపాకీ పట్టుకుని వెతికితే దొరకడు, జనం మనల్ని నమ్మితే దొరుకుతాడు. పైగా వాడికి సరిహద్దుల పట్టింపు లేదు, ఇవాళ ఇక్కడుంటే రేపు పక్క దేశంలో ఉంటాడు. అందుకని స్నేహంగా ఉన్న దేశాల సైన్యాలు కలిసి కూర్చుని నేర్చుకోవాలి, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకోవాలి అని మా వాడి పట్టుదల. ఏళ్ళ తరబడి కనబడ్డ అధికారినల్లా పట్టుకుని ఇదే మాట చెప్పి విసిగించాడు. వాడి పోరు పడలేక చివరికి ఆ రెండు గదులు వాడి మొహాన కొట్టారు.

"నా ఉద్యోగం మొత్తంలో నేను గెలిచిన యుద్ధం అదొక్కటే అక్కా" అంటుంటాడు. "అది కూడా అవతలివాళ్ళకి తలనొప్పి వచ్చి లొంగిపోయారు."

ఆ ఏడు ఒక మిత్రదేశం నుంచి చిన్న బృందం వచ్చింది. వాళ్ళకి నాయకురాలు ఒక కెప్టెన్. సన్నటి మనిషి, మితంగా మాట్లాడుతుంది. పాఠం జరుగుతున్నంతసేపూ మర్యాదగా తల ఊపేది. పాఠం బాగుండి ఊపుతోందో, మెడ పట్టేసి ఊపుతోందో మా వాడికి అంతుబట్టేది కాదు. ఆవిడ తిరిగి వెళ్ళి, ఇక్కడికి మళ్ళీ మనుషుల్ని పంపుదామని వాళ్ళ పైవాళ్ళతో అంటేనే బడి ఉంటుంది. అనకపోతే ఆ గదులు గోదాములో కలిసిపోతాయి, మా వాడు బూట్లకి కాపలాదారు అవుతాడు. ఈ సంగతి వాడి పై అధికారి దాపరికం లేకుండా చెప్పేశాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

"ఏమయ్యా మేజరూ, ఆఖరి పరీక్షలో వాళ్ళే గెలవాలి. ఇంటికొచ్చినవాళ్ళని ఓడించి పంపిస్తే మళ్ళీ మన గుమ్మం తొక్కుతారా?"

"మరీ తేలిగ్గా దొరికిపోతే అనుమానపడతారేమో సార్."

"నువ్వు దాక్కుంటే కష్టపడి వెతకాల్సి వస్తుందని నీకెవరు చెప్పారు?" అన్నాడు పెద్దాయన.

ఆ పరీక్ష ఏమిటంటే, స్థావరం గేటు బయట బజారు వీధి ఒకటుంది. మా తమ్ముడు తిరుగుబాటు నాయకుడి వేషంలో ఆ వీధిలో ఎక్కడో దాక్కోవాలి. బడిలో వాడి శిష్యులైన మన సిపాయిలు వాడి అనుచరులై మిగతా దుకాణాల్లో కలిసిపోవాలి. వచ్చిన అతిథులు మామూలు బట్టల్లో తిరుగుతూ, దుకాణదారులతో మాట కలిపి, వీళ్ళెక్కడున్నారో కూపీ లాగాలి. మధ్యాహ్నం సైరన్ మోగేలోగా నాయకుడి భుజం మీద చెయ్యి వేస్తే అతిథులు గెలిచినట్టు.

పొద్దున్నే వాడు మీసం తీసేసుకుని, పాత చొక్కా తొడుక్కుని హాల్లోకి వచ్చాడు. మా మరదలు ఎగాదిగా చూసింది.

"ఏమండీ, మీసం తీసేస్తే ఇంకెవరూ గుర్తుపట్టరా? మరి ఆ పొట్టనేం చేస్తారు?"

"దొరికిపోవడానికే వెళ్తున్నాను, తెలుసా?"

"మరైతే మీసం ఉంచుకోవాల్సింది కదండీ!"

వాడు పొట్ట లోపలికి బిగబట్టి గడప దాటాడు.

వాడు ఎంచుకున్నది దర్జీ కొట్టు. లోపల ఒక మూల కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టడం మొదలుపెట్టాడు. దర్జీ ముసలాయన. వాడు కుట్టిన గుండీ ఒకటి లాగి చూశాడు, అది చేతిలోకి వచ్చేసింది.

"సారూ, మీరు ఊరికే సూది పట్టుకుని కూర్చోండి చాలు. నా గిరాకీ చెడగొట్టకండి."

కాసేపయింది. ఎవరూ రాలేదు. మూల చీకటిగా ఉంది కాబోలనుకుని వాడు బల్ల దగ్గరికి జరిగాడు. అప్పటికీ ఎవరూ రాలేదు. కుర్చీ గుమ్మంలోకి లాక్కున్నాడు. కవాతు పాట ఈలవేశాడు. అతిథుల్లో ఒకతను కొట్టు ముందు నుంచే వెళ్తుంటే మా వాడు వీపు నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, "టైమెంతయింది?" అని అచ్చం కవాతు మైదానంలో అడిగినట్టు అడిగాడు. అతను మా వాడి మొహంలోకి తిన్నగా చూసి, "నా దగ్గర గడియారం లేదండీ" అని చక్కా పోయాడు. మణికట్టు మీద గడియారం ఎండకి తళతళా మెరుస్తూనే ఉంది.

ఇదేం చోద్యమనుకుంటుండగా కెప్టెనే కొట్టులోకి వచ్చింది. మా వాడికి ప్రాణం లేచి వచ్చింది. భుజం కాస్త ఆవిడ వైపు వంచి కూర్చున్నాడు కూడా. ఆవిడ తన కోటు తీసి వాడి ఒళ్ళో పెట్టింది.

"ఈ గుండీ వదులయింది, కాస్త కుట్టిపెడతారా?"

ఏం చేస్తాడు? కుట్టాడు. వేలికి సూది గుచ్చుకుంది. ఆవిడ కోటు తీసుకుని, థాంక్స్ చెప్పి, కూలీ ఇచ్చి మరీ వెళ్ళిపోయింది.

"ఏం తాతా, ఆవిడ నన్ను గుర్తుపట్టలేదంటావా?" అని దర్జీని అడిగాడు.

"గుర్తుపట్టకపోవడమేమిటి సారూ! మీరు గుమ్మంలోకి జరగగానే ఎదురు కొట్లో నుంచి చూసింది. మేజరు గారు ఎండలో కూర్చున్నారు, మంచినీళ్ళివ్వమని నాకు కబురు పంపింది. ఇందాక మీరు తాగింది ఆ నీళ్ళే."

సైరన్ మోగింది. తిరుగుబాటు నాయకుడు గెలిచాడు. అంతటి దిగాలు మొహంతో గెలిచిన నాయకుడు ఏ దేశంలోనూ ఉండడు.

పెద్దాయన ఫోనులో నిప్పులు చెరిగాడు. "గెలవడం నీకు చేతకాదని తెలుసు. ఓడిపోవడం కూడా రాదా?"

మా వాడు తిన్నగా తరగతి గదికి వెళ్ళాడు. కెప్టెన్ ఒక్కతే బెంచీ మీద కూర్చుని ఉంది. ఆవిడ ఏ భాషలో మాట్లాడిందని అడగకండి. తమ్ముడు నాకు మన మాటల్లోనే చెప్పాడు, నేనూ అలాగే చెబుతాను.

"నన్నెందుకు పట్టుకోలేదు కెప్టెన్?"

"ఆతిథ్యమిచ్చినవాళ్ళ పరువు తియ్యొద్దని మా పైవాళ్ళ ఆర్డరు మేజరు గారూ. మీరెందుకు తప్పించుకోలేదు?"

"వచ్చినవాళ్ళని ఓడించొద్దని మా పైవాళ్ళ ఆర్డరు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. మా వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"మా అన్నయ్య కూడా సైన్యంలోనే ఉండేవాడు. ఇలాగే స్నేహితుల దేశంతో కలిసి అభ్యాసాలు చేసేవారు. వెళ్ళిన ప్రతిసారీ గెలిచి వచ్చేవారు. మా అమ్మ వీధంతా చెప్పుకునేది. తర్వాత మా కొండల్లో నిజమైన గొడవ మొదలైంది. ఒక్కసారైనా ఓడించి, ఇదిగో ఇక్కడ పొరపాటు చేశారని వాళ్ళకి చెప్పినవాడు లేడు. ఆ దళంలో చాలామంది తిరిగి రాలేదు. మా అన్నయ్యా రాలేదు."

మా వాడు ఫ్యాను ఆపేశాడు. ఆ చప్పుడులో ఆ మాట వినడం తప్పనిపించిందట.

"మీరు మంచివారు మేజరు గారూ. కానీ ఇక్కడికి మళ్ళీ మా పిల్లల్ని పంపమని నేను చెప్పలేను."

అంతే, బడి మూతపడ్డట్టే. ఇంకొకడైతే బతిమాలుకునేవాడు. వీడూ బతిమాలుకుందామనే నోరు తెరిచాడట, కానీ ఆ అన్నగారి సంగతి విన్నాక మనసొప్పలేదు. చివరికి, "రేపు ఇంకోసారి చేద్దాం. మీరు నన్ను వదలొద్దు, నేను మిమ్మల్ని వదలను. ఆ తర్వాత మీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పండి" అన్నాడు.

ఆవిడ మర్యాదకి తల ఊపలేదు. మొదటిసారి నిజంగా ఆలోచించి, "సరే" అంది.

పెద్దాయనకి ఫోను చేశాడు. రేపు ఇంకోసారి పరీక్ష పెడతాం, ఈసారి ఎవరూ కావాలని ఓడిపోరు అన్నాడు.

"వద్దంటున్నాను కదా!" అన్నాడు పెద్దాయన.

"బడి ఎలాగూ పోయింది సార్. పోయేముందు ఒక్కరోజైనా బడిలా నడవనివ్వండి."

"సరే, నీ ఖర్మ. రేపు సాయంత్రం వచ్చి గోదాము తాళాలు తీసుకో."

మర్నాడు మా వాడు నిజంగా దాక్కున్నాడు. ఈసారి మంగలి కొట్టు. గిరాకీలు వరసగా కూర్చునే బల్ల మీద వాళ్ళలో వాడై, మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని, గంటల తరబడి వంతు రాని గిరాకీలాగా ఒదిగిపోయాడు. తన పనితనం చూసి తనకే ముచ్చటేసిందట. అప్పుడే భుజం మీద చెయ్యి పడింది. పేపరు దించి చూస్తే కెప్టెన్.

"ఇంకా పొద్దెక్కనైనా ఎక్కలేదు!" అన్నాడు మా వాడు.

"మీరు ఆఖరివారు. మీ శిష్యులందరినీ ముందే పట్టేశాం."

"అందర్నీనా? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. 'ఎక్కడ కూర్చున్నా వీపు గోడకి ఆనించండి, చూపు గుమ్మం మీద పెట్టండి' అని మీరే కదా తరగతిలో చెప్పారు? వీధి పొడుగునా నడిచాను. ప్రతి కొట్లోనూ వీపు గోడకి ఆనించి గుమ్మంవైపు చూస్తున్నవాడు ఒక్కొక్కడున్నాడు. మామూలు జనం ఎక్కడ చోటుంటే అక్కడ కూలబడతారు మేజరు గారూ."

మా వాడికి ముందు నవ్వు రాలేదు. చెవులు వేడెక్కాయి. ఆ పాఠం ఒక్క తన శిష్యులకేనా చెప్పింది? "ఎన్ని దేశాలవాళ్ళకి నేర్పానో అక్కా! అందరూ ఒకేలా దొరికిపోయేలా శ్రద్ధగా నేర్పాను" అని నాతో అన్నప్పుడు మాత్రం వాడి మొహంలో నవ్వు లేదు.

కెప్టెన్ మొహంలోనూ గెలిచిన కళ లేదు. తన మనుషులు ఇద్దరు కనబడడం లేదంది. సంగతేమిటంటే, మా వాడి అనుచరులు దొరికిపోకముందే ఆ ఇద్దర్నీ పట్టుకుని కిరాణా కొట్టు వెనకగదిలో పెట్టి గడియ వేశారు. వీళ్ళు మావాళ్ళని ఎలా తెలిసింది అని కెప్టెన్ అడిగితే కిరాణా కొట్టు ఆవిడ చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది.

"తెలియకేమమ్మా! కొట్టు తెరిచిన దగ్గర్నుంచీ ఫలానావాడు వచ్చాడా, ఎటు పోయాడు అని ఒకటే ప్రశ్నలు. ఇన్ని అడిగారు కదా, ఒక్క సబ్బు కొన్న పాపాన పోలేదు. ఒళ్ళు మండింది. వెళ్ళి మేజరు గారి కుర్రాళ్ళకి చెప్పేశాను. పట్టుకుపొమ్మన్నాను."

కెప్టెన్ తల పట్టుకుంది. "జనాన్ని మంచి చేసుకోవాలని మా పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది" అంది నీరసంగా.

"మా దాంట్లోనూ ఉంది లెండి. నేనే రాశాను" అన్నాడు మా వాడు.

ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఎవరు పాఠం చెబుతున్నారో, ఎవరు వింటున్నారో తెలియనంత గోల. ఇదెలా దొరికింది, అదెక్కడ చెడింది అని అతిథులు బల్లలు గుద్దుతున్నారు, మా వాళ్ళు నల్లబల్ల మీద గీసి చెరుపుతున్నారు. వాళ్ళ సార్జెంటు ఒకతను లేచి మా తమ్ముణ్ణి నిలబెట్టి, బజార్లో మామూలు మనిషి ఎలా నడుస్తాడో నడిచి చూపించమన్నాడు. వీడు నడిచాడు. "ఇది కవాతు" అన్నాడు సార్జెంటు. మళ్ళీ నడిచాడు. "ఇది కుంటి కవాతు" అన్నాడు. గది గదంతా పగలబడి నవ్వింది.

సాయంత్రం కెప్టెన్ వాడితో, "మళ్ళీ మా మనుషుల్ని పంపమనే చెబుతాను. ఒక్క షరతు. సగం పాఠాలు మావాళ్ళు చెబుతారు, మీరు బెంచీ మీద కూర్చుని వినాలి" అంది. వీడు అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు.

తాళాలు తీసుకోమని కదా పెద్దాయన రమ్మన్నది. వెళ్ళి జరిగినదంతా చెప్పాడు. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇంతకీ మనం గెలిచామా, ఓడామా?"

"ఓడిపోయాం సార్. వాళ్ళూ ఓడిపోయారు. అందుకే మళ్ళీ వస్తామంటున్నారు."

"పైవాళ్ళకి ఇదేమని చెప్పేది నేను?"

"ఉన్నదున్నట్టు చెప్పండి సార్."

"ఊఁ... ఇదంతా నా ఆలోచనే అని చెప్పొచ్చా?"

"మీ ఆర్డరు ప్రకారమే ఓడిపోయాను కదా సార్, తప్పేముంది?" అన్నాడు మా వాడు.

ఇప్పుడు ఆ బడికి ఇంకో రెండు దేశాలవాళ్ళు కూడా వస్తున్నారట. వచ్చిన ప్రతివాళ్ళకీ మా తమ్ముడు మొదటి పాఠంగా తన భాగవతమే విప్పుతాడు. తన మీద తనే నవ్వించుకోవడానికి వాడికి మొహమాటం లేదు, మీకెందుకు? ఈ కథ గుర్తుపెట్టుకోండి. పిల్లలతో ఆడుతూ కావాలని ఓడిపోయే పెద్దవాళ్ళు కనిపిస్తే చెప్పండి, బాగోలేని పనిని బాగుందంటూ తల ఊపే స్నేహితులకి చెప్పండి. మేజరు ఎవరని అడిగితే మా తమ్ముడేనని ధైర్యంగా చెప్పెయ్యండి. కుంటి కవాతు ముక్క మాత్రం వదిలెయ్యకండి, అది వదిలేస్తే వాడు నొచ్చుకుంటాడు.