రావద్దని పిలిచిన పెళ్ళి

నగర నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల కౌంటర్ దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చుని రిటైరైన ఆవిడను చుట్టాలందరూ సర్దక్క అంటారు. ఆ ముప్పై ఏళ్ళలో ఆవిడ ఒక్క కుళాయిలోకి నీళ్ళు తెప్పించిన పాపాన పోలేదు. అయినా వచ్చినవాళ్ళలో ఒక్కరినీ కోపంగా వెనక్కి పంపలేదు. తలుపు తన్నుకుంటూ వచ్చినవాడు కూడా పావుగంటలో చల్లబడి, "మీకెంత కష్టమమ్మా ఈ ఉద్యోగం" అని ఆవిడనే ఓదార్చి పోయేవాడు. అబద్ధాలేమీ ఆడేది కాదు. ముందు వాళ్ళ కోపం న్యాయమేననేది. తర్వాత ఇంట్లో అందరి ఆరోగ్యం అడిగేది. ఆఖరున, నీళ్ళు రాకపోవడంలో ఉన్న సుఖమేదో వాళ్ళ చేతే చెప్పించేది.

ఆవిడ నీళ్ళు రాని కుళాయిల గురించి సర్దిచెబుతూ ఉంటే, ఆవిడ తమ్ముడు ఆ కుళాయిలే అమ్మి బాగుపడ్డాడు. స్నానాల గది సామాను అమ్మే పెద్ద షోరూము ఆయనది. ఒక ఆదివారం పొద్దున్నే ఆయన భార్యను వెంటబెట్టుకుని అక్క ఫ్లాటుకు వచ్చాడు. చంకలో ఫైలుంది.

"అమ్మాయి పెళ్ళి ఇంటిమేట్‌గా చేస్తున్నాం అక్కా."

"అంటే?"

"ఇంటి మనుషులతోనే. పేరులోనే ఉందిగా, ఇంటిమేటు."

మరదలు మొగుడిని ఓ చూపు చూసి, "బాగా దగ్గరివాళ్ళతో అని వదినా" అని సవరించింది.

పెళ్ళి ఇక్కడ కాదట. ఆరు గంటల ప్రయాణం అవతల, సరస్సు చుట్టూ హోటళ్ళే ఉన్న ఊళ్ళోనట. పేరున్నవాళ్ళంతా అక్కడికే వెళ్ళి చేసుకుంటున్నారట. తమ్ముడు ఫోన్ తెరిచి ప్లానర్ అమ్మాయిని చూపించాడు. ఆ అమ్మాయి తెరలోంచి నవ్వుతూ, సరస్సు మధ్యలో తేలే చెక్కల వేదిక గురించి చెప్పింది. దాని మీద నలభై కుర్చీలు పడతాయి.

"నలభై దాటితే మునుగుతుందా అమ్మా?" అని అడిగింది సర్దక్క.

"మునగదు ఆంటీ. వైబ్ పోతుంది."

విషయం అదీ. నలభై మందికే పిలుపు. మిగిలిన చుట్టాలు, ఎంత గీసి గీసి లెక్కేసినా, నూట పన్నెండు మంది తేలారు. వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి.

"పిలవడం ఎవరైనా పిలుస్తారక్కా," అన్నాడు తమ్ముడు. "పిలవకపోవడం మాత్రం చేతనైనవాళ్ళే చెయ్యాలి."

రిటైరయ్యాక ఆవిడను ఎవరూ ఏ పనీ అడగలేదు. అందుకే ఆ మాటకు ఆవిడ మనసు పొంగిపోయింది. మర్నాడు పదింటికల్లా కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, గ్లాసుతో మంచినీళ్ళు పెట్టుకుని, ఐదు పేజీల జాబితా విప్పింది.

మొదటి ఫోన్ చిన్నాన్నకు. పూర్వం లారీలు నడిపిన మనిషి, ముక్కు మీదే ఉంటుంది కోపం.

"మా అన్న మనవరాలి పెళ్ళికి నేను పనికిరానా? ఎత్తుకు మోశానే దాన్ని."

"మీ కోపం న్యాయమే చిన్నాన్నా. మోకాళ్ళెలా ఉన్నాయి?"

"అలాగే ఉన్నాయి. మెట్లు చూస్తే ఏడుపొస్తోంది."

"అక్కడ మెట్లు లేవులెండి. పడవలో వెళ్ళి నిచ్చెన ఎక్కాలట. పొద్దున్నే అందర్నీ ఒడ్డున చాపల మీద కూర్చోబెట్టి ఊపిరి పీల్చి వదలమంటారట."

"ఊపిరా? అది ఇంట్లో వదులుతూనే ఉన్నాం కదే."

"నేనూ అదే అన్నాను."

పది నిమిషాలయ్యేసరికి చిన్నాన్న, "పోనీలే, మమ్మల్ని బతికించారు. పిల్లను దీవించానని చెప్పు" అని ఫోన్ పెట్టేశాడు. అలా పదకొండు రోజులు. అలిగినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళు లేరు. పిలవనందుకు కృతజ్ఞతలు చెప్పినవాళ్ళు మాత్రం అరవై మందికి తక్కువ లేరు.

పన్నెండో రోజు ఆఖరి పేజీలో ఆఖరి వరుసకు వచ్చింది. అక్కడ రాసి ఉన్న పేరు ఆవిడదే.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఇంటిపేరుతో సహా, ఫోన్ నెంబరుతో సహా ఆవిడే. ఆటో ఎక్కి నేరుగా షోరూముకు వెళ్ళింది. తమ్ముడు ఎవరికో షవర్లు చూపిస్తున్నాడు. ఆయన ఖాళీ అయ్యేవరకు అమ్మకానికి పెట్టిన స్నానాల తొట్టి అంచున కూర్చుని, తర్వాత పేజీ చేతికిచ్చింది.

తమ్ముడు పేజీని చూశాడు, కుళాయిలను చూశాడు, పైకప్పును చూశాడు.

"మీ మరదలు రాసిందక్కా. నువ్వైతే అర్థం చేసుకుంటావని."

"మరి ఆ నలభైలో ఎవరున్నారు?"

"వియ్యాలవారివి ఇరవై. మన ఇరవైలో అమ్మాయి స్నేహితులు, మీ మరదలి అన్నయ్యావాళ్ళు. తర్వాత మాకు సరుకిచ్చే కంపెనీ మేనేజరు, ఆయన భార్య. ఇద్దరు బిల్డర్లు, వాళ్ళ భార్యలు. బ్యాంకాయన..."

"ఇంటి మనుషులు."

"వ్యాపారం లేకపోతే ఇల్లెక్కడిది అక్కా?"

"సరే. అయితే నాకు నేనే ఫోన్ చేసుకుని చెప్పుకోవాలా?"

తమ్ముడు కాసేపు ఆలోచించాడు. తర్వాతి రోజుల్లో ఆవిడను ముల్లులా గుచ్చింది అదే. నవ్వలేదు, సిగ్గుపడలేదు, నిజంగానే ఆలోచించాడు. "నీ అంత బాగా ఇంకెవరు చెప్పగలరక్కా" అన్నాడు.

ఆ సాయంత్రం సర్దక్క తన విద్యను తన మీదే ప్రయోగించింది. నీ కోపం న్యాయమే అనుకుంది. నడుం నొప్పి ఎలా ఉందని తనను తానే అడిగింది. మూడో మెట్టు దగ్గర మాత్రం కాలు ముందుకు పడలేదు. పిల్ల పుట్టినప్పుడు ఆస్పత్రిలో మొదట చేతుల్లోకి తీసుకున్నది తనే. ఆ పెళ్ళి చూడకపోవడంలో ఏ సుఖమూ దొరకలేదు. ముప్పై ఏళ్ళకు మొదటిసారి కౌంటర్ అవతలి పక్క నిలబడ్డట్టయింది.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏమనుకున్నావక్కా?"

"చెప్పాను. బాగానే తీసుకుంది."

"ఎవరు?"

"ఆఖరి పేరావిడ."

ఆ తర్వాత వారానికి నలభై మందికీ పిలుపుతోపాటు నిబంధనలు వెళ్ళాయి. అందరూ ఇసుక రంగు బట్టలే కట్టుకోవాలి. ఫోన్లు గుమ్మం దగ్గర ఇచ్చెయ్యాలి. పిల్లలను తేకూడదు. వధూవరుల గురించి ఒక్కొక్కరు ఒక్కొక్క మాట, ఇంతవరకు ఎవరూ అనని మాట, చెప్పాలి.

మొదట ఫోన్ చేసింది మరదలి అన్నయ్యే. "వదిన గారూ, మీరు చెబితే ఎవరికీ కోపం రాదట కదా. నేను రాలేనని మా బావకు ఎలాగోలా చెప్పి పెట్టండి. ఇసుక రంగులో మా ఆవిడ మనిషిలా కనిపించడం లేదు. దుకాణంలోనే ఏడ్చింది."

సర్దక్క చెప్పి పెట్టింది. తమ్ముడు నొచ్చుకోలేదు, పైగా పాపం అన్నాడు. రెండో రోజు బిల్డర్ భార్య, పిల్లలను ఎవరి దగ్గర వదలాలని. మూడో రోజు బ్యాంకాయన, ఫోన్ లేకుండా రెండు రోజులు తన వల్ల కాదని. సర్దిచెప్పే మనిషి ఉందన్న సంగతి వియ్యాలవారి దాకా పాకింది. పెళ్ళికొడుకు పెద్దమ్మ ఫోన్ చేసి, ఆ వేదిక కదులుతుందా అని అడిగింది.

"కదలదండీ. ఊగుతుందంతే."

పెద్దమ్మతోపాటు ఆరుగురు తగ్గారు. నేనేమైనా రావద్దన్నానా, అడిగిన దానికి బదులిచ్చాను అనుకుంది సర్దక్క. అలా అనుకుంటూ వంటింట్లో కూనిరాగం తీస్తున్నానని ఆవిడకే ఆలస్యంగా తెలిసింది.

పెళ్ళి ఇంకా నాలుగు రోజులుండగా నలభై మంది పద్నాలుగు మంది అయ్యారు. తమ్ముడి గొంతు పీలగా వినిపించింది.

"అక్కా, నువ్వు రావాలి. ఆ వేదిక నలభై మంది బరువుకు కట్టిందట. మనుషులు తక్కువైతే గాలికి నిలవదంటోంది ప్లానర్. నువ్వొక్కదానివి ముగ్గురి పెట్టు."

ఆ మాట విన్నాక వెళ్దామనుకున్నా వెళ్ళబుద్ధి కాదు. "నాకు వద్దని చెప్పారు తమ్ముడూ. నేను ఒప్పుకున్నాను కూడా" అని పెట్టేసింది.

గంటలో మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, నువ్వే రానన్నావని నాన్న ఎప్పుడో చెప్పాడు. ఎందుకు?"

"మీ అమ్మ జాబితాలో నా పేరుంది. రావద్దని చెప్పాల్సినవాళ్ళలో."

"నీకెవరు చెప్పారు?"

"నేనే."

"రా అత్తా" అంది. అంతే అంది. సర్దక్క అటక మీంచి పెట్టె దింపింది.

ఆ ఊళ్ళో రైలు దిగి చూస్తే సరస్సు కంటే పెళ్ళికూతుళ్ళే ఎక్కువ. ఒకే రాతిమెట్టు మీద ఫోటోకు ఏడుగురు వరుసలో నిలబడి, ముందున్నవాళ్ళు కదలకపోతే గొణుక్కుంటున్నారు. హోటల్లో ఆవిడకు దొరికిన గది, అదనపు దిండ్లూ గొడుగులూ దాచేది. దిండ్లకు కిటికీ అక్కర్లేదు కాబట్టి కిటికీ లేదు.

మర్నాడు పడవ దిగి వేదిక ఎక్కేసరికి, కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. దగ్గరికెళ్ళాక అర్థమైంది. పాతిక కుర్చీల్లో ఇసుక బస్తాలు. వాటికి ఇసుక రంగు గుడ్డ కప్పి, మెడలాంటి చోట రిబ్బను కట్టారు. నిబంధనలన్నీ పాటించిన అతిథులు అవే. ప్లానర్ అమ్మాయి వచ్చి, "ఆంటీ, మీరు ఎడమ చివర. లేవాలంటే చెప్పి లేవండి, బ్యాలెన్స్" అంది.

పెళ్ళి బాగానే జరిగింది. గాలి కూడా మర్యాదగా ఉంది. అంతా అయ్యాక తమ్ముడు మైకు అందుకున్నాడు.

"ఊరందరినీ పోగేస్తే అది పెళ్ళి కాదండీ, సంత. రక్తం పంచుకున్నవాళ్ళు, ప్రాణం పెట్టేవాళ్ళు ఉంటే చాలు. ఇదిగో, ఇక్కడ కూర్చున్న ఈ నలభై మందే నా ఆస్తి."

బస్తాలు కదలకుండా విన్నాయి. సర్దక్క లేచి నిలబడింది.

దాహమేసి లేచానని తర్వాత అందరికీ చెప్పింది. అబద్ధమాడే మనిషి కాదని అందరూ నమ్మారు. నిజానికి దాహమేమీ వెయ్యలేదు.

వేదిక నెమ్మదిగా కుడివైపుకు ఒరిగింది. బస్తా ఒకటి కుర్చీ దిగి, పక్క బస్తాను వెంటబెట్టుకుని జారింది. వాటి వెనక ఇంకో నాలుగు, ఎవరో పిలిచినట్టు ఒకదాని తర్వాత ఒకటి సరస్సులోకి వెళ్ళిపోయాయి. తమ్ముడు మైకుతో సహా కూలబడి, చేతికందిన బస్తాను కావలించుకున్నాడు. మరదలు ఆయన కాలు పట్టుకుంది.

"ఆంటీ, చెప్పి లేవమన్నాను కదా," అంది ప్లానర్ అమ్మాయి, స్తంభాన్ని వాటేసుకుని.

"ఇప్పుడు చెబుతున్నానమ్మా, లేచాను," అంటూ సర్దక్క నిదానంగా చీర సవరించుకుని కూర్చుంది.

వేదిక మళ్ళీ నిలబడింది. అందరికంటే ముందుగా నవ్వింది పెళ్ళికూతురు. నవ్వీ నవ్వీ చెక్కల మీదే చతికిలబడింది. పెళ్ళికొడుక్కు ఏం చెయ్యాలో తోచక పక్కన కూర్చుని తనూ నవ్వాడు. రెండు రోజులుగా కుట్టేసినట్టు బిగిసిన మొహాలు అప్పుడు విచ్చుకున్నాయి. పిల్ల వచ్చి అత్త భుజం మీద తల వాల్చి, "ఇంకోసారి లేస్తావా?" అని చెవిలో అడిగింది.

"వద్దులే. మీ నాన్నకు ఈత రాదు."

నెల్లాళ్ళు తమ్ముడు అక్కతో మాట్లాడలేదు. వంటింటి కుళాయి కారుతుంటే వాషరు కోసం ఆవిడే షోరూముకు వెళ్ళింది. గల్లాపెట్టె వెనక గోడకు పెళ్ళి ఫోటో నిలువెత్తున వేలాడుతోంది. వేదిక ఒరగకముందు తీసింది. సరస్సు, పువ్వులు, వెనక నుంచి చూస్తే కుదురుగా కూర్చున్న నలభై ఆకారాలు. అద్దాలు కొనడానికి వచ్చిన ఒకాయన దాని ముందు నిలబడిపోయాడు.

"ఎంత పద్ధతిగా ఉందండీ. ఈ వరుసలో కూర్చున్నవాళ్ళు ఎవరు?"

"వియ్యాలవారి తరపు," అన్నాడు తమ్ముడు. "పెద్దింటి మనుషులు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడరు."

అప్పుడే అక్కను చూశాడు. సర్దక్క ఆ పెద్దమనిషిని చూసి, ఫోటోను చూసి, అవునన్నట్టు తలూపింది. తమ్ముడు గబగబా కుర్చీ తెచ్చి వేశాడు.