చచ్చిన పాము కాటు

సలహాల బావ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు. అక్క మొగుడు కదా అని టైలరు తొమ్మిదేళ్లుగా భరిస్తున్నాడు. డయాలసిస్ మొదలైన రోజున ఆ బావే అన్నాడు: "పనిచెయ్యని కిడ్నీలంటే చచ్చిన పాములు రా. ఇక వాటి గొడవ నీకెందుకు?" టైలరు నమ్మాడు.

అందుకే ఆదివారం ఎడమ డొక్కలో పోటు వస్తే, కుట్టుమిషను తొక్కి తొక్కి పట్టేసిందనుకున్నాడు. సోమవారం పొద్దున, రోజుకు పడే నాలుగు చుక్కల మూత్రమూ ఎర్రగా పడింది. వెంటనే బావకు ఫోన్ చేశాడు.

"వేడి చేసిందిలే. నర్సుకు చెప్పావంటే స్కానింగంటారు, నీ మొదటి షిఫ్టు కుర్చీ ఇంకొకడికిస్తారు. మధ్యాహ్నం షిఫ్టుకెళ్తే కొట్టెవడు తెరుస్తాడు, మీ తాతా?"

నిజమే. టైలరు నోరు మూసుకుని ఆస్పత్రికెళ్లి డయాలసిస్ కుర్చీ ఎక్కాడు. నర్సమ్మ చేతికి సూదులు గుచ్చి, గొట్టాల్లో నెత్తురు గడ్డకట్టకుండా వేసే మందు సిరంజిలోకి తీసింది.

"ఏం టైలరు గారూ, ఒక పక్కకి ఒరిగారు? కొలత తప్పిందా?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే ఆ చెమటేంటి?"

టైలరు సిరంజినే చూస్తున్నాడు. గొట్టంలో గడ్డకట్టనివ్వని మందు, లోపల చిరిగినచోట మాత్రం కట్టనిస్తుందా? ముడి వెయ్యని దారం లాగితే కుట్టంతా ఊడొస్తుంది. అది తెలియడానికి పెద్ద చదువులక్కర్లేదు.

"ఆగమ్మా. పొద్దున ఎర్రగా పడింది."

"ఇప్పుడా చెప్పడం?" సిరంజి పళ్లెంలో పెట్టేసి, ఆమె డాక్టరు కోసం పరుగెత్తింది.

స్కానింగ్ చూసి డాక్టరు చెప్పాడు: "ఏళ్ల తరబడి డయాలసిస్ మీదుంటే కిడ్నీల్లో నీటి బుడగలు లేస్తాయి. ఒకటి పగిలి నెత్తురు కారుతోంది. ఆ మందు పడుంటే ఆపడం కష్టమయ్యేది." గజ్జల్లోంచి సన్నటి గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని మూశారు.

సాయంత్రం బావ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "నేనేమన్నా డాక్టర్నా? నువ్వడిగావు, తోచింది చెప్పాను."

"తప్పు నాదే బావా. రెండుసార్లూ."

"రెండుసార్లేంటి?"

టైలరు గోడవైపు తిరిగాడు. ఈసారి చివరి నిమిషంలోనైనా నోరు తెరిచాడు, ప్రాణం దక్కింది. తొమ్మిదేళ్ల కిందట బావ, "ఆస్పత్రి మింగేస్తుంది, స్థలం నా పేర పెట్టు, తేరుకున్నాక నీకే రాసిస్తా" అన్నప్పుడు తెరవలేదు. రోడ్డు వైపు పద్దెనిమిది అడుగులు, లోపలికి అరవై ఆరు. నూట ముప్పై రెండు గజాలు, ఇప్పటికీ బావ పేరనే.