జకరయ్య కూడికలో సాక్ష్యం

జకరయ్య సముద్రంలో మునిగి చచ్చిపోయాడని అల్లూరంతా నమ్మేసింది. మోకాలి లోతు నీళ్ళలోకైనా దిగని మనిషి ఎట్లా మునిగాడయ్యా అని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. మొహం మీద, కుడిచేతి మీద ఆ దెబ్బలేమిటంటే, రాళ్ళకు కొట్టుకున్నాడన్నారు. ఆ ఒడ్డున గవ్వలు తప్ప గులకరాయి కూడా ఉండదు. అయినా నరేంద్రబాబు చెప్పాడు కదా, ఆయన రాళ్ళున్నాయంటే ఉన్నట్టే!

నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు చంపిన నరేంద్రబాబు. రెండోవాడు ఆయన రొయ్యల గుంటలకు కాపలా ఉండే పెంచలకృష్ణ. ఆ పెంచలకృష్ణ పదో రోజున చర్చిలో తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. జన్మలో చర్చి గడప తొక్కినవాడు కాదు. దండ మోసుకురమ్మని నరేంద్రబాబు వెంటబెట్టుకొచ్చాడు. జకరయ్య జ్ఞాపకార్థ కూడికట. చంపినవాడే ఫోటోకు దండ వేసి, ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సిగ్గూ శరం ఉండాలి మనిషికి!

పాస్టరు మాథ్యూ అయ్యగారు జకరయ్య బతుకంతా చెప్పుకొచ్చాడు. బజారులో మోటారు వైండింగు షాపు. ఇరవై ఆరేళ్ళు రాగితీగ చుట్టాడు. చుట్టుపక్కల ఏ గుంటలో రొయ్యలకు గాలి కొట్టే ఏరేటరు మోటారు కాలిపోయినా ఆయన చేతికే రావాలి. సాయంత్రం నాలుగైతే మాత్రం, ఎంతటివాడు వచ్చి గుమ్మంలో నిలబడినా సరే, షట్టరు దించేసి, ఫోను బల్ల సొరుగులో పడేసి, మోపెడ్ మీద ఇసకపల్లి ఒడ్డుకు పోయేవాడు. ఈత రాదు. నీళ్ళంటే భయం. ఇసకలో కూర్చుని సముద్రాన్ని వినేవాడు, అంతే.

"వైండింగు కాలని మోటారు లోకంలో ఇదొక్కటే అబ్బయా," అనేవాడు పెంచలకృష్ణతో. "రాత్రీ పగలూ తిరగతానే ఉండాది. ఒక్కసారన్నా వేడెక్కిందా చూడు!" అంటూ తన పొట్లంలో బొరుగులు వాడి చేతిలో పోసేవాడు. అటుగా వచ్చిన కాపలావాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి ఆయనొక్కడే.

జకరయ్య పోయిన రోజు ముసురు పట్టింది. కరెంటు మూడు ఫేజులకు రెండింట్లోనే వస్తోంది. అట్లా వచ్చినప్పుడు మోటార్లు వేస్తే కాలిపోతాయని, వేయొద్దని జకరయ్య ఎన్నిసార్లు మొత్తుకున్నాడో లెక్కలేదు. నరేంద్రబాబు వేయించాడు. ఆరు మోటార్లూ పొగలు కక్కి ఆగిపోయాయి. గాలాడక రొయ్యలు గట్టు వారకు చేరి కుప్పలుగా చచ్చాయి. జకరయ్యకు ఫోను చేస్తే ఎత్తే దిక్కు లేదు.

"ఏడ చచ్చినాడ్రా వాడు?" అని నరేంద్రబాబు తన గొంతు పట్టుకుంటే, "సముద్రం కాడుంటాడయ్యా," అన్నాడు పెంచలకృష్ణ. ఆ మాట అనేముందు తన నోరు పడిపోయి ఉంటే ఎంత బాగుండేదని పది రోజులుగా తనను తానే తిట్టుకుంటున్నాడు.

ఇనప రాడ్డు జీపులో వేసుకుని ఇద్దరూ పోయారు. జకరయ్య తల తిప్పి చూసి, మనుషుల్ని గుర్తుపట్టి నవ్వాడు. మొదటి దెబ్బ ఆ నవ్వు మీదే పడింది. పళ్ళు ఇసకలో రాలాయి. "నా గుంటలు చంపి ఈడ గాలికి కూచున్నావా?" అంటూ నరేంద్రబాబు ఆయన కుడిచేతిని మోపెడ్ సీటు మీద అదిమిపెట్టి వేలు వేలూ విరగ్గొట్టాడు. మోటార్లు ఎందుకు కాలాయో చెప్పాలని జకరయ్య నోరు తెరిచాడు. నోటినిండా రక్తం, మాట రాలేదు. ఆ తర్వాత జుట్టు పట్టుకుని నీళ్ళలోకి ఈడ్చాడు. అప్పుడు అరిచాడయ్యా జకరయ్య! అన్ని దెబ్బలకూ మూలిగినవాడు, నీళ్ళు తగలగానే పసిబిడ్డలాగా అరిచాడు. కాళ్ళు టపటపా కొట్టుకుంటుంటే నరేంద్రబాబు వెనక్కి తిరిగి, "పట్టుకోరా! లేకుంటే నిన్ను కూడా తొక్కేస్తా," అన్నాడు. పెంచలకృష్ణ పట్టుకున్నాడు. కొట్టుకోవడం ఆగిపోయేదాకా ఆ కాళ్ళు వదల్లేదు.

"ప్రియులారా," అన్నాడు మాథ్యూ అయ్యగారు బైబిలు మూసి. "జకరయ్యను గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి చెప్పండి."

చర్చికి పోయేవాళ్ళకు అది వారం వారం వినే మాట. దేవుడు చేసిన మేలో, పోయినవాడి మంచితనమో నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటే సాక్ష్యం అయిపోయినట్టు. పాపం పెంచలకృష్ణకు అదేం తెలుసు? వాడెరిగిన సాక్ష్యం స్టేషనులో, కోర్టులో చెప్పేది. అయ్యగారికి తెలిసిపోయింది! అందరికీ తెలిసే ఈ కూడిక పెట్టారు! దొరికిపోయానని భయం పుట్టింది. ఆ భయంలోనే, అమ్మయ్య, ఇన్నాళ్ళకు ఒకరు అడిగారన్న ఊరట కూడా కలిగింది.

"నేను చెప్తానయ్యా," అన్నాడు. "నేను చూసినాను."

జనం వెనక్కి తిరిగారు. ఏదో మంచి మాట వింటామని కొందరు చిరునవ్వు కూడా నవ్వారు.

"ఈ బాబే కొట్టినాడు. రాడ్డుతో కొట్టి, వేళ్ళిరిచి, నీళ్ళలో తొక్కి చంపినాడు. ఆడ రాళ్ళూ లేవు, ఏమీ లేవు. కాళ్ళు పట్టుకునింది నేను. పాపిష్టోణ్ణి, నేనే పట్టుకున్నా!"

నరేంద్రబాబు కుర్చీ తన్నేసి ఒక్క ఊపున వచ్చి పడ్డాడు. వాడి తల పట్టుకుని గోడకేసి కొట్టాడు. సున్నం మీద రక్తం చిమ్మింది. "తాగుబోతు నాయాలు! పొద్దున్నించీ తాగతానే ఉన్నాడు. ఇంటికి తోలుకుపోతా, మీరు కానీయండి," అంటూ మెడ పట్టి తలుపు వైపు లాగాడు. బయట జీపు ఉంది. జీపెక్కితే తాను మళ్ళీ కనిపించనని పెంచలకృష్ణకు తెలుసు. అంతమంది మగాళ్ళు ఉన్నారు, ఒక్కడూ లేవలేదు.

లేచింది కరుణాకుమారి, జకరయ్య భార్య. శవానికి నీళ్ళు పోసిన చేతులవి. రాళ్ళు ఒక చేతినే ఎంచుకుని వేలు వేలూ విరుస్తాయా అని పది రోజులుగా కుళ్ళిపోతున్న మనిషి. చాపలు దాటుకుంటూ వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది.

"కాళ్ళు పట్టుకునింది నువ్వేనా?"

"నేనేనక్కా."

చెంప మీద కొట్టింది. రెండోసారి కొడితే పెదవి చిట్లింది. మూడోసారి చెయ్యి ఎత్తి, ఆపి, ఆ చేత్తోనే వాడి చొక్కా పట్టుకుని తన వెనక్కి లాక్కుంది.

"వీణ్ణి ముట్టుకోబాక," అంది నరేంద్రబాబుతో. "వీడు నా మొగుడి సాక్షి. కొట్టాలంటే నేను కొట్టుకుంటా, చంపాలంటే నేను చంపుకుంటా. స్టేషనులో చెప్పేదాకా వీడి మీద చెయ్యి పడిందా, నీ చెయ్యి నరకతా!"

నరేంద్రబాబు చెయ్యి ఎత్తాడు. అప్పటికి ఆడవాళ్ళంతా లేచారు. వాళ్ళను చూసి సిగ్గేసి మగాళ్ళూ లేచారు. మాథ్యూ అయ్యగారు దిగొచ్చి తలుపు మూసి గడియ పెట్టి, స్టేషనుకు ఫోను చేశాడు.

కరుణాకుమారి పెంచలకృష్ణను చాప మీద కూలేసి, వాడి ఎదురుగా కూర్చుంది.

"మొదట్నించీ చెప్పు," అంది. "నేను ఏడ్చినా ఆపబాక."