బామ్మర్ది చెయ్యి

రేవులో ఇరవై తొమ్మిదేళ్ళు క్రేను నడిపి దిగిన ఆయన్ని అందరూ గద్ద అనేవారు. రోజంతా అంత ఎత్తున కూర్చుని కిందికి చూసేవాడు కాబట్టి ఆ పేరు. కింద నిలబడి చేతి సైగలతో ఆయన్ని నడిపించినవాడు సొంత బామ్మర్ది. పైవాడికి కిందివాడి గొంతు వినపడదు. ఎత్తు, దించు, ఆపు, అన్నీ చేతులతోనే.

ఒకసారి ఓ పాత రేడియో దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరూ ఎనిమిది నెలలు పలకరించుకోలేదు. పని మాత్రం ఒక్క పూట ఆగలేదు. ఇంట్లో ఎడమొహం పెడమొహం, రేవులో రెప్పవాల్చకుండా ఒకరి చేతి కోసం ఒకరు. చివరికి రాజీ కూడా అక్కడే కుదిరింది. ఒక మధ్యాహ్నం బామ్మర్ది పని సైగలు ఆపి, గ్లాసెత్తి టీ తాగినట్టు చూపించాడు. గద్ద నిచ్చెన దిగి వచ్చాడు. మీ ఇద్దరికీ నోరు లేకపోతేనే పొత్తు కుదురుతుందని ఆయన భార్య చాలాకాలం ఆటపట్టించింది.

బామ్మర్ది పోయి రెండేళ్ళయింది.

ఈమధ్య శిక్షణ కేంద్రం నుంచి కబురొచ్చింది. కొత్తవాళ్ళకు క్రేను నేర్పడానికి ఒక యంత్రం తయారుచేశామని, పాత డ్రైవరు చూసి తప్పొప్పులు చెప్పాలని. ఇంజనీరమ్మాయి ఆయన తలకు బరువైన కళ్ళజోడు తగిలించింది. మీటలేమీ ఉండవనీ, గాల్లో చేతులు కదిలిస్తే కెమెరాలే అర్థం చేసుకుంటాయనీ చెప్పింది. గాలిని పట్టుకుని క్రేను నడపడమేమిటని ఆయనకు నవ్వొచ్చింది. తీరా కళ్ళెదుట కేబిన్ కనబడేసరికి వేళ్ళు వాటంతటవే ముడుచుకుని, లేని మీటను పట్టుకున్నాయి.

కింద పసుపు హెల్మెట్ పెట్టుకున్న బొమ్మమనిషి ఒకడు సైగలు చేస్తున్నాడు. ముఖం నున్నగా, ఎవరిదీ కానట్టుంది. దించమనే ముందు వాడు మణికట్టును ఒక్కసారి విదిల్చాడు, తడిచెయ్యి దులుపుకున్నట్టు.

గద్ద చేతులు ఆగిపోయాయి.

"అమ్మా, ఈ చేతులెవరివి?"

మూడేళ్ళ కిందట రేవు నుంచి ఒక పెద్దాయన వారం రోజులు వచ్చాడనీ, సెన్సార్లున్న చేతితొడుగులు వేసుకుని సైగలన్నీ చేసి చూపించాడనీ ఆ అమ్మాయి చెప్పింది. ఆ సంగతి బామ్మర్ది ఇంట్లో ఎవరితోనూ అనలేదు. చెబితే బావ ఎగతాళి చేస్తాడనుకున్నాడు కాబోలు. ఆ విదిలింపు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదని, కొత్తవాళ్ళు తికమకపడతారని, తీసేద్దామనుకుంటున్నామని ఆ అమ్మాయి అంది.

"తియ్యకమ్మా. అది వాడు నాకోసం చేసేది."

ఒకనాడు ఈదురుగాలికి గొలుసున వేలాడే ఇనుప పెట్టె ఊగి, బామ్మర్ది భుజాన్ని రాసుకుంటూ పోయింది. ఆనాటి నుంచి దించమనే ముందు అలా విదిల్చేవాడు. ఊపు తగ్గనియ్యి, తొందరపడకు అని దానర్థం. ఆ తరవాత ఇరవయ్యేళ్ళలో తమ క్రేను కింద ఒక్కడి గోరు కూడా చిట్లలేదని గద్ద చెప్పాడు.

ఆ అమ్మాయి విదిలింపును అలాగే ఉంచి, దానిమీదే ఒక పాఠం తయారుచేసింది.

మరుసటి వారం ఆయన భార్యను వెంటబెట్టుకు వెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ ముందుకు వంగి కిందికి చూసింది.

"ముఖం వాడిది కాదండీ. నిలబడ్డం మాత్రం మా తమ్ముడే," అంది. ఆపైన, "ఏమంటున్నాడు?" అని అడిగింది.

ఆవిడకు కనబడేదే పక్కనున్న తెర మీద చూస్తూ ఆయన ఒక్కొక్క సైగా విప్పి చెప్పాడు. వింటూ వింటూ ఆవిడ తమ్ముడి వైపు చెయ్యి చాపింది. చాపిన అరచెయ్యంటే ఆపమని యంత్రం లెక్క. కిందివాడు పని ఆపేసి, చేతులు దించుకుని, తలెత్తి ఆవిడ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"కాసేపలా ఉండనియ్యమ్మా," అన్నాడు గద్ద.

ఇంజనీరమ్మాయి మెల్లగా కుర్చీ వెనక్కి జరిపి, బయట తమ వంతు కోసం వేచి ఉన్న కొత్తవాళ్ళకు ఇంకో పావుగంట పడుతుందని చెప్పడానికి వెళ్ళింది.