ఒక్క కారుకు తీసిన బారికేడ్

పాత వంతెన కూల్చి కొత్తది కట్టేదాకా, పక్కన వేసిన ఇరుకు ఇనుప వంతెన మీద బస్సులు, అంబులెన్సులే వెళ్లాలి. అవీ ఒకసారి ఒకవైపు నుంచే. మిగతా బండ్లను చుట్టుదారికి మళ్లించడం ఆ ట్రాఫిక్ కానిస్టేబుల్ పని. పొద్దుటి నుంచి తిట్లు తిని తిని ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

అంతలో ఆమె అక్క మొగుడి కారు వచ్చి ఆగింది.

"మరదలివై ఉండి నన్నూ ఆపుతావా?"

"ఆపుతాను బావా. చుట్టూ తిరిగి వెళ్లు."

అతను ముఖం గంటు పెట్టుకుని కారు పక్కకు తీశాడు. ఇంతలో పై అధికారి ఫోన్ చేశాడు. వెనక వస్తున్న పెద్దాయన కారును వదలాలట.

"అవతలి వైపు నుంచి బస్సు బయలుదేరింది సార్."

"ఆయన్ని ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది. ముందు వదులు."

పళ్లు కొరుకుతూ ఆమె బారికేడ్ జరిపింది. పెద్దాయన వెనకే ఇంకో పది బండ్లు దూరిపోయాయి. వంతెన మధ్యలో బస్సు ఎదురుపడి, అన్నీ ఇరుక్కుపోయాయి.

ఒక్కొక్కరినీ బతిమాలి, కసిరి వెనక్కి పంపిస్తోంది ఆమె. చూస్తూ ఉండలేక బావ కూడా దిగొచ్చి, చివరి బండి నుంచి ఒక్కోదాన్నీ చేత్తో చరుస్తూ వెనక్కి రప్పించాడు. పెద్దాయన కారు అందరికన్నా ఆఖరున వచ్చింది, అద్దం దించకుండానే.

"నువ్వు లేకపోతే ఏమయ్యేదో బావా."

"ఆ కబుర్లొద్దు. నన్ను ఆపి వాణ్ణి వదిలావు. ఈ మాట మీ అక్కకు నువ్వే చెప్పుకో."

అతను చుట్టుదారి పట్టాడు. బస్సు దాటగానే, తమను ఎప్పుడు వదులుతావంటూ మిగతావాళ్లు చుట్టూ మూగారు.