రైలెక్కించే మనిషి

"మల్ల దిగుండ్రి," అన్నాడు గాలయ్య.

బండిలో ఉన్న పద్నాలుగు మందీ మళ్ళీ దిగారు. అది ఎడ్లు లేని బండి. కోస్గి అంగడి మైదానంలో, కాడి కింద బండరాయి పెట్టి, కదలకుండా నిలబెట్టి ఉంది. తెల్లవారినప్పటి నుంచి వాళ్ళు దాన్ని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ముందు బలమున్న మగవాళ్ళిద్దరు ఎక్కి జాగా పట్టాలి. వెనక మూటలు అందించాలి. తరువాత ఆడవాళ్ళు. ఆఖరున ఒక మగవాడు, కింద ఎవరూ మిగలలేదని చూసుకొని. గాలయ్య చప్పట్లు మొదలుపెట్టి ఆపేలోగా అందరూ బండిలో ఉండాలి. తాండూరు స్టేషన్లో బొంబాయి రైలు ఆగేది అంతసేపే.

"రైలెక్కుతున్నరా, మంచమెక్కుతున్నరా? గీ తీరుగ ఎక్కితే రైలు బొంబై పొయ్యి మల్లొస్తది. మీరు గాడనే ఉంటరు."

కొందరు నవ్వారు. గాలయ్య నవ్వలేదు. పొట్టి మనిషి, కాళ్ళకు తోలు చెప్పులు. మెడ కొంచెం పక్కకు వంగి ఉంటుంది, దూరాన ఏదో చప్పుడు వింటున్నట్టు. బీడీ పొగకు తెల్లమీసం పసుపుపచ్చగా మారింది. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. బావి తవ్వకంలో రాయి పడి ఎముక విరిగితే ఊళ్ళోనే వెదురు బద్దలు వేసి కట్టారు. అది వంకరగా అతుక్కుంది.

మూటలు విప్పించి చూశాడు. ఒకదాంట్లో రోకలి బయటపడింది. ఇంకొకదాంట్లోంచి కోడిపెట్ట తల పైకెత్తి చూసింది.

"గిదేంది?"

"కోడి," అంది పుల్లమ్మ. కొత్త కోడలు. మాట ముందు, మనిషి వెనక. "గాడ గుడ్లు పెడతది పెద్దయ్యా."

"గాడ కోడికి టికెట్టు అడుగుతరు. నీ మొగన్ని దింపి కోన్ని ఎక్కిస్తవా?"

పుల్లమ్మ మొగుడు కాటమయ్య తల దించుకున్నాడు. ఎద్దు మూపులాంటి భుజాలున్నాయి గాని ఎదుటివాడి ముఖంలోకి చూడడం రాదు. కోడిని పక్కింటి వాళ్ళకు ఇచ్చి రమ్మంటే, పారిపోవడానికి దారి దొరికినట్టు పరిగెత్తాడు.

అది పంతొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం. రెండు కార్తెలు వరసగా ఎండిపోయాయి. జొన్న విత్తనం భూమిలోనే మాడింది. ఊళ్ళల్లో జనం పశువులను తోలేసి, తలుపులకు తాళాలు వేసి, గుత్తేదారు పిలిచిన చోటికల్లా పోతున్నారు. వాళ్ళను ఊరూరా కూడగట్టి, తాండూరు తీసుకుపోయి, రైలెక్కించి వెనక్కి రావడం గాలయ్య పని. పదకొండేళ్ళుగా అదే పని.

గుంపును తాండూరు తీసుకుపోయే లారీ కదలబోయే ముందు ఐలేశం వచ్చాడు. కాటమయ్య తండ్రి. మనిషి ఒంగిపోయాడు, కర్ర పట్టుకొని నడుస్తున్నాడు. లారీ పక్కన నిలబడి, గాలయ్య తన వైపు చూస్తాడేమోనని కాసేపు కాచుకున్నాడు.

"గాలన్నా, పోరగాండ్లను నీ చేతుల పెడుతున్న. వాండ్లు రైలు మొఖమే చూడలే."

గాలయ్య లారీ వెనక తలుపు గొలుసు బిగించాడు. గొలుసు సరిగ్గా పడిందో లేదో లాగి చూశాడు. ఆ మనిషితో అతను మాట్లాడి పదకొండేళ్ళయింది. డ్రైవరు పక్కన ఎక్కి కూర్చొని తలుపు వేసుకున్నాడు.

పదకొండేళ్ళ కింద ఈ పని ఐలేశానిదే. ఆ ఏడు గాలయ్యా, అతని పెళ్ళాం ఈదమ్మా బొంబాయి పోవాలనుకున్నారు. గాలయ్య కాలు విరిగింది. "కాలు అతికినంక నువ్వొద్దువు తియ్యి," అని ఈదమ్మ గుంపుతో పోయింది. గుంపును వెంట తీసుకుపోవడానికి రైల్లో ఉండవలసిన మేస్త్రీ ఆ రోజు లేడు. గాడ ఎవరు దింపుకుంటరని గుంపు అడిగితే, "గాడ మనిషొస్తడు, ఫికర్ చెయ్యకుండ్రి," అని ఐలేశం అందరినీ ఎక్కించి ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాడు. మనిషి రాలేదు. గుంపు బొంబాయిలో ఆ పెద్ద స్టేషను ముందే వానలో కూర్చుంది. వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. ఈదమ్మ అక్కడే, దారి పక్కన పోయింది. శవాన్ని ఎవరో బండిలో వేసుకొని పోయారట. ఎక్కడికి తీసుకుపోయారో తిరిగివచ్చిన వాళ్ళకు తెలియదు.

ఐలేశం చావింటికి వచ్చి ఏడ్చాడు. గాలయ్య అతన్ని గడప దాటి రానివ్వలేదు. కుంటుకుంటూ గుత్తేదారు దగ్గరికి పోయి ఆ పని తనకిమ్మన్నాడు. అప్పటినుంచి మేస్త్రీ ముఖం చూడనిదే ఒక్క మనిషిని రైలెక్కించలేదు.

తాండూరు చేరేసరికి పొద్దు వాలింది. ప్లాట్‌ఫారం మీద పరిచిన నాపరాళ్ళు ఇంకా సెగలు కక్కుతున్నాయి. గాలయ్య టికెట్లు తెచ్చి ఒక్కొక్కరికీ చేతిలో పెట్టి, బొడ్డున దోపుకునేదాకా ఎదురుగా నిలబడ్డాడు. తరువాత అందరినీ గోడ నీడకు కూర్చోబెట్టాడు.

"ఇనుండ్రి. వికారాబాదుల మేస్త్రీ ఎల్లస్వామి ఎక్కి ఉంటడు. రైలొచ్చేటప్పుడు కిటికీలకెల్లి ఎర్ర తువ్వాల ఊపుతడు. తువ్వాల ఊపిన డబ్బకే ఉరకాలె. బొంబైల మిమ్ముల దింపుకునేది, పనికాడికి తోల్కపోయేది గాయినే."

"తువ్వాల కనవడకపోతే?" అంది పుల్లమ్మ.

"కనవడ్తది."

తరువాత రైలు గురించి చెప్పాడు. ఎప్పుడూ చెప్పేవే, అదే వరసలో. కిటికీలోంచి తల పెట్టి ఇంజను వైపు చూస్తే నిప్పురవ్వ కంట్లో పడుతుంది. పక్క పట్టాల మీద రైలు పోతుంటే మన రైలే పోతున్నట్టు ఉంటుంది, లేచి కేకలు పెట్టవద్దు. నీళ్ళకని ఎవరూ దిగవద్దు. వాడి అనే జంక్షన్లో చాలాసేపు ఆగుతుంది, అక్కడ అసలే దిగవద్దు. ఆగిందిగదా అని దిగినవాళ్ళే తప్పిపోయారు. కూర్చున్న జాగాలోంచి ఒకడు లేస్తే ఆ జాగాలో ఇంకొకడు కాళ్ళు చాపాలి, లేకుంటే అది పోయినట్టే.

"మరి చెంబుకు పోవాల్నంటే?" అని ఒక ముసలామె అడిగింది. మిగతా ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"రైల్లనే అర్ర ఉంటదవ్వా. కింద బొక్క ఉంటది. బొక్కలకెల్లి భూమి ఉరుకుతుంటది. జడుసుకోకు."

"భూమి ఉరుకుతుంటె నాకు రానే రాదు బిడ్డా."

ఈసారి అందరూ పగలబడి నవ్వారు. కాటమయ్య కూడా నవ్వాడు.

"పూనా కాడ పొగ లేని ఇంజను తగిలిస్తరు. ఆడికెల్లి రైలు కొండ కడుపులకెల్లి పోతది. పట్టపగలు చీకటైతది. ఒర్రకుండ్రి."

"ఎంతసేపు ఉంటది చీకటి?"

"బీడి అంటించి రెండు దమ్ములు గుంజేంత సేపు."

పుల్లమ్మ అతన్నే చూస్తోంది. "నువ్వెన్నిసార్లు పోయినవ్ పెద్దయ్యా?"

గాలయ్య బీడీ తీశాడు. అంటించుకున్నాడు. "ఎక్కించెటోనికి ఎక్కెటోని సంగతులెందుకు? మూటలు కట్టుకోండ్రి."

అతను ఒక్కసారి కూడా పోలేదు. చెప్పిందంతా తిరిగివచ్చినవాళ్ళను అడిగి తెలుసుకున్నది. వచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి అడిగేవాడు. రైలు ఎక్కడ మలుపు తిరిగింది, స్టేషను బయట ఏముంది, కామాటిపురంలో పాలమూరోళ్ళ గల్లీకి ఎటు పోవాలి, దారి పక్కన పోయినవాళ్ళను ఎక్కడికి తీసుకుపోతారు. ఆఖరి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. మిగతావన్నీ అతనికి నోటికి వచ్చేశాయి. తాండూరు సిగ్నలు కంబానికి అవతల అతను అడుగు పెట్టలేదు. ఈదమ్మ ఆ కంబం దాటింది, తిరిగి రాలేదు. అతనికి ఆ రైలంటేనే గిట్టదు.

గంట కొట్టారు. అందరూ లేచారు. లేచి కదలబోతే ఆడవాళ్ళందరూ ఒకేసారి ఒకవైపుకు ఒరిగారు. గాలయ్య వంగి చూశాడు. కురుమూర్తి జాతరలో తప్పిపోకుండా కట్టుకున్నట్టు, ఒకరి కొంగుకు ఒకరు వరసగా ముడి వేసుకున్నారు.

"ఎవతి చెప్పింది మీకు?"

"నేనే," అంది పుల్లమ్మ. "తప్పిపోకుండ."

"ఒకతి జారితే అందరు పట్టాల కిందికే! విప్పుండ్రి!"

చెమటకు ముడులు బిగిశాయి. గాలయ్య నేల మీద కూలబడి, పళ్ళతో లాగి విప్పాడు. ఆఖరి ముడి ఊడేసరికి రైలు కనిపించింది.

ఇంజను ముందుగా వచ్చింది. ఆవిరి ప్లాట్‌ఫారం మీద కమ్ముకుంది. డబ్బాలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. గాలయ్య మెడ ఇంకా వంచి చూస్తున్నాడు. కిటికీల్లోంచి చేతులు, తలలు, ఒక పసుపు తలగుడ్డ. తువ్వాల లేదు. గార్డు డబ్బా కూడా వచ్చి నిలిచింది. తువ్వాల లేదు.

"ఏ డబ్బ?" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

రైలు ఆగిపోయింది. ఆలోచించే వ్యవధి లేదు. ఇవాళ ఎక్కకపోతే ఆ పనికి గుత్తేదారు రేపు ఇంకో గుంపును పెట్టుకుంటాడు. వీళ్ళు తిరిగి పోవడానికి ఊళ్ళో గింజ లేదు, పశువు లేదు.

"గిదే! ఎక్కుండ్రి!"

కాటమయ్య భుజంతో తలుపు నెట్టాడు. లోపలి వాళ్ళు జాగా లేదని తిట్టారు. అతను తిరిగి ఏమీ అనలేదు, నెడుతూనే ఉన్నాడు. మూటలు కిటికీలోంచి పోయాయి. పొద్దున బండి దగ్గర ఎలా ఎక్కారో అలాగే ఎక్కారు. ముసలామెను ఇద్దరు ఎత్తి లోపలికి వేశారు. గాలయ్య వాళ్ళను వదిలి రైలు వెంబడి కుంటుతూ పరిగెత్తాడు. కిటికీ కిటికీకీ కేక వేశాడు.

"ఎల్లస్వామీ! ఓ ఎల్లస్వామీ!"

రెండు డబ్బాల అవతల ఒకడు తల బయట పెట్టాడు. వికారాబాదు గుంపు మనిషి. "మేస్త్రీ ఎక్కలే. కొడుకును దవాఖానకు తీస్కపోయిండు. తాండూర్ల గాలయ్య మనుషులెక్కుతరు, వాండ్లతోని పోండ్రన్నడు. మీరేనా?"

గాలయ్య వెనక్కి తిరిగాడు. అంతదూరమూ మోకాలు పొడుస్తూనే ఉంది. ఇంజను కూత వేసింది. గార్డు పచ్చజెండా విప్పుతున్నాడు.

పుల్లమ్మ ఇంకా తలుపు దగ్గరే ఉంది, రెండు చేతులా కడ్డీ పట్టుకొని. ఆమె వెనక కాటమయ్య ముఖం.

"పెద్దయ్యా, తువ్వాలేది?"

"లేదు."

"మరి గాడ మమ్ముల ఎవరు దింపుకుంటరు?"

గాలయ్య నోరు తెరిచాడు. మాట నాలుక మీదికి వచ్చేసింది, ఎవరో అక్కడ తయారుగా పెట్టినట్టు. గాడ మనిషొస్తడు. ఫికర్ చెయ్యకుండ్రి. ఐలేశం కొడుకుకూ కోడలికీ ఐలేశం మాటే చెప్పి పంపవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. రాత్రికి అన్నం తిని పడుకోవచ్చు. ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో అతనికి అప్పుడు తెలిసింది. తెలిసింది గాని, అందుకని ఐలేశాన్ని క్షమించలేదు.

"జరుగు," అన్నాడు.

"ఎందుకు?"

"జరుగు పిల్లా, ఎక్కుత."

వంగని మోకాలితో ఆ మెట్టు ఎక్కడం ఎలాగో అతనికి తెలియలేదు. మంచి కాలు పెట్టాడు. ఇనుము అరికాలికి చురుక్కుమంది. కాటమయ్య చేయి చాచి, అతని రెక్క పట్టుకొని, జొన్న బస్తాను లాగినట్టు ఒక్క గుంజు గుంజాడు. రైలు కుదుపుతో కదిలింది. గాలయ్య తలుపు దగ్గర నేల మీదే పడి, అక్కడే కూర్చుండిపోయాడు. బొడ్డు తడుముకున్నాడు. అతనికి టికెట్టు లేదు.

సిగ్నలు కంబం వచ్చింది. దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలిచినట్టే నిలిచి, వెనక్కి పోయింది. అతను తల తిప్పి దాన్ని కనపడినంతసేపు చూశాడు. అవతల పొలాలు ఇవతలి పొలాల లాగే ఉన్నాయి. ఎండిపోయి, రాళ్ళు తేలి.

"ముందుగాల్ల ఏ ఊరొస్తది పెద్దయ్యా?" అని అడిగాడు కాటమయ్య. ఆ పిల్లవాడు తనంతట తాను ఒక మాట అడగడం అదే మొదలు.

"తెల్వది."

"తెల్వదా?"

"నేను గూడ మొదటిసారే."

పుల్లమ్మ మూట పక్కకు జరిపి, గోడకు ఆనుకునేందుకు అతనికి కొంచెం జాగా చేసింది.

"మరి కొండ కడుపుల చీకటి? రెండు దమ్ములంటివి?"

"గట్లనే చెప్పిన్రు," అన్నాడు గాలయ్య. "చూద్దాం. మీరు మాత్రం వాడి కాడ దిగకుండ్రి."

తాండూరులో దీపాలవాడు ప్లాట్‌ఫారం చివరిదాకా వచ్చి, ఒక్కొక్క లాంతరే వెలిగించుకుంటూ పోతున్నాడు. మూడో తరగతి డబ్బా నిలిచిన చోట ఆగి, కిందికి చూశాడు. నాపరాయి మీద, పట్టాల వైపు వేళ్ళు పెట్టి, పరాయివాళ్ళ ఇంటి గడప ముందు విడిచినట్టు, ఒక జత తోలు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి.