మూడో నంబరు కౌంటరు

మా వియ్యపురాలు డ్రాయింగ్ టీచరుగా రిటైరైంది. అప్పటినుంచి ఆవిడకు ఖాళీ దొరికితే చాలు, ఏదో ఒక ఎగ్జిబిషన్‌కు పోవాలి, తోడుకు నేనుండాలి. "ఈసారిది మీకు నచ్చి తీరుతుంది వదినగారూ, మీ పాత ఆఫీసులోనే పెట్టారు" అని వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నచ్చడం సంగతి అలా ఉంచితే, ముప్పై ఒక్కేళ్ళు దర్జాగా పనిచేసిన బిల్డింగులోకి టికెట్టు కొనుక్కుని వెళ్ళడం నాకు చిన్నతనంగా తోచింది.

మాది ఇళ్ళ కేటాయింపు ఆఫీసు. సొంతిల్లు లేనివాళ్ళు ప్రభుత్వ ఫ్లాటు కోసం పెట్టుకునే దరఖాస్తులు తనిఖీ చేయడం నా పని. నేను రిటైరైన మరుసటేడు ఆఫీసును నాలుగు వీధుల అవతలికి మార్చి, పాత బిల్డింగును మ్యూజియానికి ఇచ్చేశారు. రాజుల కత్తులూ కుండ పెంకులూ ఉండే మ్యూజియం కాదిది. ఇల్లు, పని, మంచినీళ్ళు, ఆడవాళ్ళ బతుకు, ఇలాంటివాటి గురించి ఇప్పటి కళాకారులు చేసినవి పెడతారు.

కింది హాల్లో కప్పునుంచి కొన్ని వందల తాళంచెవులు వేలాడదీశారు. ఖాళీ చేయించిన ఇళ్ళవట. వియ్యపురాలు వాటికింద నిలబడి కళ్ళు తుడుచుకుంది. "కాస్త నూనె రాసి ఉండాల్సింది, అన్నీ తుప్పు పట్టాయి" అన్నాను. ఆవిడ మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

పై అంతస్తులో అడుగుపెట్టానో లేదో, ఎదురుగా నా కౌంటరు. అదే చెక్క బల్ల, అదే అద్దం, కాగితాలు తోయడానికి అద్దంలో అదే సందు, పైన 'మూడో నంబరు' బోర్డు. ముందు మా పాత బెంచీలే వేశారు. వచ్చినవాళ్ళకు యంత్రం టోకెన్ ఇస్తుంది. కౌంటరు పైన ఎర్ర అంకెలు ఒకటి నుంచి నలభై ఆరు దాకా వెళ్ళి మళ్ళీ ఒకటికి వస్తాయి. టోకెన్లన్నీ నలభై ఏడు పైన. ఎవరి వంతూ రాదు, కౌంటరు వెనక ఎవరూ ఉండరు. అదీ కళ. గోడమీద 'మీ వంతు వస్తుంది' అని పేరు, దానికింద 'వ్యవస్థకు ముఖం ఉండదు' అని ఒక వాక్యం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముఖం లేకపోవడమేమిటి? ముప్పై ఒక్కేళ్ళు రోజూ పౌడరు రాసుకుని మరీ వచ్చిన ముఖం! పక్క కౌంటర్ల వాళ్ళు రోజుకు పాతిక ఫైళ్ళు చూస్తే నేను అరవై చూసేదాన్ని. నా బల్లమీద సాయంత్రానికి ఒక్క కాగితం మిగిలేది కాదు. ఆఫీసంతా నన్ను ఎక్స్‌ప్రెస్ మేడమ్ అనేది.

"ఊరికే అన్నారా వదినగారూ, లోకంలో జరిగేదే చూపించారు" అంది వియ్యపురాలు.

"మూడో నంబరులో జరగలేదు" అన్నాను.

అప్పుడు చూశాను, ముందు బెంచీలో ఒకాయన. మిగతావాళ్ళు ఫొటోలు తీసుకుంటున్నారు, ఈయన మాత్రం ఒళ్ళో ప్లాస్టిక్ కవరు పట్టుకుని, అంకెలకేసి కళ్ళార్పకుండా చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబుకు టెస్టరు, వేళ్ళకు గ్రీజు మరకలు. అంకెలు తిరిగి ఒకటికి రాగానే నావైపు తిరిగాడు.

"ఏవండీ, లంచ్ టైము అయిపోయి చాలాసేపైంది కదండీ, ఇంకా రాలేదేంటి?"

ఆయన నిజంగా పనిమీద వచ్చాడు. పాత ఉత్తరంమీది అడ్రసు పట్టుకుని వచ్చాడు. కింద ఎవరో టికెట్టు తీసుకోమంటే, ఈమధ్య దరఖాస్తుకు కూడా ఫీజు పెట్టారు కాబోలు అనుకుని తీసుకున్నాడు. గంటన్నరగా కూర్చున్నాడు.

వివరం అడిగాను. లిఫ్టు మెకానిక్కట. ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగుచేసే ఆయన ఉండేది లిఫ్టు లేని ఇంట్లో, నాలుగో అంతస్తులో. రెండేళ్ళ క్రితం వాళ్ళావిడ తుంటి విరిగింది. అప్పటినుంచి మూడుసార్లే కిందికి దిగింది, మూడుసార్లూ ఆస్పత్రికే, ఈయన వీపుమీదే. ఆరేళ్ళ క్రితం ఫ్లాటుకు పెట్టిన దరఖాస్తు కొట్టేశారు. కొట్టేసినవాటిని మళ్ళీ పరిశీలిస్తామని పేపర్లో పడితే ఆవిడే చూసిందట. "ఆఫీసు నాకు తెలుసులే అని వచ్చేశానండి. ఇవాళే ఆఖరి రోజు" అన్నాడు.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. నేను తిన్నగా పక్క తలుపు తోసుకుని కౌంటరు వెనక్కి వెళ్ళి, నా కుర్చీలో కూర్చున్నాను. కాపలా ఉన్న అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, అక్కడ కూర్చోకూడదండీ! అది ఎగ్జిబిట్!"

"నేనూ ఎగ్జిబిట్టేనమ్మా. మీకంటే ముందునుంచి ఉన్నాను ఇక్కడ" అని, ఆయనకేసి చెయ్యి చాచాను. "ఇవ్వండి కాగితాలు."

జనం చుట్టూ మూగారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నట్టున్నారు. ఆయన అద్దం సందులోంచి నివాస పత్రం తోశాడు. ఊళ్ళో పదేళ్ళు ఉన్నట్టు ఇళ్ళ యజమానులు సంతకాలు పెట్టే పత్రం అది. వెనక వైపు పైకి ఉండేలా తోశాడు. అక్కడ ఒకే వరుస: తొమ్మిదో ఇల్లు, ఐదు నెలలు, యజమాని సంతకం. తిప్పి చూశాను. ముందు వైపు ఎనిమిది ఇళ్ళు, ఎనిమిదే పడతాయి, కింద మొత్తం తొమ్మిదేళ్ళ పదకొండు నెలలు. రెండూ కలిపితే పదేళ్ళ నాలుగు నెలలు. కూడడానికి నాకు రెండు క్షణాలు పట్టలేదు.

"పదేళ్ళు ఎప్పుడో దాటింది కదయ్యా! కళ్ళున్నవాళ్ళెవరైనా దీన్ని కొట్టేస్తారా? ఎవరా మహానుభావుడు?" అని గట్టిగానే అన్నాను. జనంలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఆయన రెండో కాగితం తోశాడు. 'నివాసం ఒక నెల తక్కువ. తిరస్కరించడమైనది.' ఆకుపచ్చ సిరా. కింద సంతకం నాది.

రోజుకు అరవై ఎలా చూసేదాన్నో ఆ క్షణంలో నాకే తెలిసొచ్చింది. ముందు పేజీ కింద మొత్తం చూడడం, రాయడం, సంతకం పెట్టడం, పక్కన పెట్టడం. పేజీ తిప్పేదాన్ని కాదు. తిప్పితే నలభై కూడా అయ్యేవి కావు.

"ఎవరో మేడమండి" అన్నాడాయన, నేను అడిగిన ప్రశ్నకు జవాబుగా. "వెనక కూడా ఉందండీ అని చెప్పబోయాను. ఆవిడ తలెత్తలేదు. ఇప్పుడు చూసినా గుర్తుపట్టలేనండి."

నన్నే చూస్తూ అన్నాడు ఆ మాట.

కాగితాలు కవర్లో పెట్టి, "పదండి, ఆఫీసు దగ్గరే" అన్నాను. దారిలో వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మా పిల్లల పెళ్ళి కాగితాలమీద నా సంతకం చూసిన మనిషి ఆవిడ.

"ఆయనకు చెప్తారా వదినగారూ?" అంది మెల్లగా.

"ముందు పని కానివ్వండి" అన్నాను. పని అయిపోతే చెప్పే అవసరం రాదని లోపల ఆశ. సిగ్గుపడే విషయమే, కానీ అలాగే అనుకున్నాను.

కొత్త ఆఫీసులో పరిశీలన చూస్తున్న క్లర్కు నా చేతికింద పని నేర్చుకున్నవాడే. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కాగితాలు చూసి, సంతకం దగ్గర ఆగి, ఒక్కసారి నావైపు చూసి తల దించుకున్నాడు.

"కొత్త దరఖాస్తు పెట్టిద్దాం మేడమ్. సులువుగా అయిపోతుంది" అన్నాడు.

"కొత్తదైతే ఇల్లు ఎప్పటికి వస్తుంది?"

"ఐదారేళ్ళు పడుతుంది."

"పాతదే సరిచేస్తే?"

వాడు గొంతు తగ్గించాడు. "ఈ విడతలోనే కింది అంతస్తులో ఫ్లాటు వస్తుంది. కానీ తనిఖీ చేసినవాళ్ళే తమ పొరపాటని రాసి సంతకం పెట్టాలి. అది ఫైల్లో ఉండిపోతుంది. మీకెందుకు మేడమ్ ఈ తలనొప్పి?"

వాడు నన్ను కాపాడుతున్నాడు. నేను ఊఁ అంటే చాలు, లిఫ్టు మెకానిక్కు ఏమీ తెలియదు. నా తప్పు నా చేత్తో రాసివ్వాల్సిన పని ఉండదు. ఇంటికి వెళ్ళి టీ తాగొచ్చు. వాళ్ళావిడ మాత్రం ఇంకో ఐదేళ్ళు నాలుగో అంతస్తు కిటికీలోంచి వీధి చూస్తూ ఉంటుంది.

"తెల్ల కాగితం ఇవ్వు" అన్నాను. నిలబడే రాశాను. వెనక పేజీ చూడకుండా తిరస్కరించాను, తప్పు నాది, దరఖాస్తుదారుది కాదు. ఒక్క మాట కూడా నాన్చలేదు. సంతకం పెట్టి, ఆ కాగితం క్లర్కుకు ఇవ్వకముందే లిఫ్టు మెకానిక్కు ఇచ్చాను. "చదవండి. ఆ మేడమ్‌ని నేనే."

ఆయన నిదానంగా చదివాడు. తిట్టాలి, అది న్యాయం. నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన తిట్టలేదు. కాగితం నాకు తిరిగిచ్చి, లిఫ్టులో ఏ తీగ తెగిందో అడిగినంత మామూలుగా అడిగాడు.

"ఇలా మీరు తిప్పనివి ఇంకెన్ని ఉంటాయండి?"

జీవితంలో కౌంటరు దగ్గర ఏ ప్రశ్నకూ తెలియదని చెప్పలేదు నేను. "తెలియదండి" అన్నాను.

క్లర్కు ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. ఆయన దాన్ని రెండుసార్లు చూసుకుని, జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, నాకు థాంక్స్ చెప్పకుండా వెళ్ళిపోయాడు. చెప్పాలని నేనూ అనుకోలేదు.

కిటికీలు మూస్తున్నారు. క్లర్కు తాళాలు తీసుకుంటుంటే ఆపాను.

"నా సంతకంతో కొట్టేసినవన్నీ రేపు పదింటికి తీసి ఉంచు. గడువు పెంచమని పై ఆఫీసరుకు అర్జీ నేనే రాస్తాను."

"చాలా ఉంటాయి మేడమ్. గోడౌన్లో ఒక అల్మరా నిండా ఉంటాయి."

"ఉంటాయి. రోజుకు ఎన్నైతే అన్నే చూస్తాను" అని, అర్జీ రాయడానికి వాడి దగ్గర ఇంకో కాగితం తీసుకున్నాను.